లిగమెంటుమ్ అంటే కట్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే మాట చుట్టూ తిరిగాయి. రాసినవాళ్లలో ఒకరు విద్యార్థిని, ఇద్దరు చేతిలో స్కానింగ్ రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడుతున్నవాళ్లు, ఒకరు అనువాదకుడు, ఇంకొకరికి మాటల పుట్టుక మీద ఆసక్తి. ఆ మాట లిగమెంటుమ్, కీళ్ల దగ్గర ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంటుకి ల్యాటిన్ పేరు. చాలా ఏళ్లు శరీర నిర్మాణం పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి ఈ మాటంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి ఈ పేజీలన్నీ దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సర్, నేను ఫిజియోథెరపీ రెండో సంవత్సరం. అట్లాస్‌లో, అంటే శరీర భాగాల బొమ్మల పుస్తకంలో, ఒక బొమ్మ పక్కన లిగమెంటుమ్ అని, ఇంకో బొమ్మ పక్కన లిగమెంటా అని ఉంది. ఒక పాత పుస్తకంలో లిగమెంటోరుమ్ అని కూడా చూశాను. కుదించి రాసేచోట ఒక్కోసారి చివర ‘జి’ అక్షరం ఒకటి, ఒక్కోసారి రెండు. పరీక్షలో లిగమెంటుమ్ క్రూసియాటుమ్ యాంటీరియర్ అని రాస్తే మేడమ్ కొట్టేసి యాంటీరియుస్ అని దిద్దారు. క్లాసులో అందరం లిగమెంట్ అనే అంటాం కదా, మరి ఈ ల్యాటిన్ ఎందుకు? ఇదంతా బట్టీ పట్టాల్సిందేనా?

జవాబు: బట్టీ అక్కర్లేదమ్మా. నువ్వు చూసినవన్నీ ఒకే మాట. తెలుగులో కట్టు, కట్లు, కట్టు యొక్క, కట్ల యొక్క అని ఎలా మారుస్తామో అలాగే ల్యాటిన్‌లో లిగమెంటుమ్ అంటే ఒక కట్టు, లిగమెంటా అంటే కట్లు, లిగమెంటి అంటే కట్టు యొక్క, లిగమెంటోరుమ్ అంటే కట్ల యొక్క. మనం విభక్తిని విడిగా చేరుస్తాం, వాళ్లు మాట చివరనే మార్చేస్తారు, అంతే తేడా. కుదించి రాసేటప్పుడు బహువచనమైతే చివరి అక్షరాన్ని రెండుసార్లు వేస్తారు. ఒక లిగమెంటుకి ‘జి’ ఒకటి, ఎక్కువ ఉంటే రెండు. ధమనికి ఒక ‘ఎ’, ధమనులకి రెండు ‘ఎ’లు, నరానికి ఒక ‘ఎన్’, నరాలకి రెండు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే అట్లాస్‌లో సగం గుర్తులు వాటంతటవే అర్థమవుతాయి, బొమ్మలో బాణం ఒకదాన్ని చూపిస్తోందా గుంపుని చూపిస్తోందా అన్నది పేరు చూడగానే తెలిసిపోతుంది.

ఇక అసలు అర్థం. లిగారే అంటే కట్టడం. దానికి మెంటుమ్ అనే ప్రత్యయం చేరితే ఆ పని దేనితో జరుగుతుందో ఆ వస్తువు, కట్టడానికి వాడేది అని. కాబట్టి లిగమెంటుమ్ అంటే అచ్చంగా కట్టు. రోమన్లకి ఇది మొదట వైద్యుల పరిభాష కాదు, ఇంట్లో వాడుకునే మాట. గాయానికి కట్టే గుడ్డని కూడా అలాగే అనేవారు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ చెప్పిన ఒక సంఘటన ఉంది, ఈ మాట వచ్చినప్పుడల్లా నేను విద్యార్థులకి తప్పకుండా చెప్పేవాణ్ని. క్రీ.శ. 65లో నీరో చక్రవర్తిని చంపాలని కొందరు కుట్ర పన్నారు. వాళ్లలో స్కేవినుస్ అనే సెనేటర్ ముందురోజు ఇంట్లో కత్తికి పదును పెట్టించాడు, గాయాలకి కట్లు సిద్ధం చేయమని మిలికుస్ అనే తన మాజీ బానిసకి చెప్పాడు. ఆ కట్లకి టాసిటస్ వాడిన మాట లిగమెంటా. గాయాలు కాకముందే కట్లెందుకని మిలికుస్‌కి అనుమానం వచ్చింది, తెల్లారగానే వెళ్లి చెప్పేశాడు, కుట్ర బయటపడింది. ఇప్పుడు నీ అట్లాస్‌లో మోకాలి పక్కన ఉన్న లిగమెంటా ఆ కట్లే, కాకపోతే పైనుంచి చుట్టినవి కావు, శరీరం తనలో తానే వేసుకున్నవి. మనకీ కట్టు అన్న మాట రెండింటికీ సరిపోతుంది చూడు.

యాంటీరియుస్ సంగతి కొంచెం ఓపిగ్గా విను, ఎందుకంటే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ల్యాటిన్‌లో నామవాచకాలకి మూడు లింగాలు. కండరం పేరు మస్కులుస్, పుంలింగం. ధమని పేరు ఆర్టీరియా, స్త్రీలింగం. లిగమెంటుమ్ నపుంసకలింగం. విశేషణం పక్కన చేరితే నామవాచకాన్ని బట్టి తానూ మారాలి. అందుకే అడ్డంగా ఉన్నది అని చెప్పడానికి కండరమైతే ట్రాన్స్‌వెర్సుస్, ధమని అయితే ట్రాన్స్‌వెర్సా, లిగమెంట్ అయితే ట్రాన్స్‌వెర్సుమ్. తెలుగు విశేషణాలు ఇలా మారవు, మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి ఇల్లు అంటాం. కానీ సంస్కృతం నుంచి వచ్చిన సుందరుడు, సుందరి, సుందరం మనకి తెలిసినవే. లిగమెంటుమ్ చివర ఉన్న ‘ఉమ్’, ఫలమ్, వనమ్, బంధనమ్ చివర ఉన్న ‘అమ్’ రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు, రెండూ నపుంసకలింగం గుర్తులే. లిగమెంటుమ్, బంధనమ్ అని రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చదివితే అర్థమూ ఒకటే, ముగింపూ ఒకటే.

ముందున్నది, వెనకున్నది అనే విశేషణాల దగ్గరే విద్యార్థులు ఎక్కువ తప్పు చేస్తారు. యాంటీరియర్ అనే రూపం పుంలింగానికీ స్త్రీలింగానికీ సరిపోతుంది, నపుంసకానికి మాత్రం యాంటీరియుస్ అవ్వాలి. అందుకే మస్కులుస్ టిబియాలిస్ యాంటీరియర్ సరైనదే, లిగమెంటుమ్ క్రూసియాటుమ్ యాంటీరియర్ తప్పు. మీ మేడమ్ దిద్దినది సరైన దిద్దుబాటు. చీలమండ మడతపడ్డప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది లిగమెంటుమ్ టాలోఫిబులారే యాంటీరియుస్, అక్కడా ఇదే సూత్రం. వెనకదైతే పోస్టీరియుస్. బహువచనంలో యాంటీరియోరా, పోస్టీరియోరా.

ఇంకొక చిక్కు. పాత అట్లాసుల్లో మోకాలి దగ్గర లిగమెంటా క్రూసియాటా జెనుస్ అని ఉంటుంది. జీవశాస్త్రంలో ప్రజాతిని జీనస్ అంటారు కదా, అది ఇక్కడెందుకొచ్చిందని ఒకమ్మాయి నన్ను చాలా సీరియస్‌గా అడిగింది, మంచి ప్రశ్నే, ఎందుకంటే ల్యాటిన్‌లో రాసేటప్పుడు రెండూ అక్షరాలా ఒకేలా ఉంటాయి. ఇక్కడి జెనుస్ అంటే మోకాలి యొక్క అని. జెను అంటే మోకాలు, మోకాళ్లు లోపలికి ఒరిగి ఉండటాన్ని మీరు రోజూ జెను వాల్గుమ్ అంటారే, అందులో ఉన్న జెను అదే. క్రూసియాటా అంటే సిలువలా ఒకదానిమీద ఒకటి అడ్డంగా దాటినవి. మొత్తం కలిపితే మోకాలిలో అడ్డంగా దాటుకున్న కట్లు. ఇంత తేలికైన అర్థం ఉన్న పేరుని అర్థం తీసేసి అక్షరాలుగా గుర్తుపెట్టుకోమని పిల్లలకి చెప్పడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ల్యాటిన్ ఇంకా ఎందుకు అంటే, పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి శరీర భాగాల పేర్లు గందరగోళంగా తయారయ్యాయి. ఒక్కో దేశంలో, ఒక్కో గురువు దగ్గర ఒకే భాగానికి వేరువేరు పేర్లు, ఎక్కువ వాటికి కనిపెట్టినవాళ్ల పేర్లు. 1895లో శరీర నిర్మాణ శాస్త్రవేత్తలు బాసెల్ నగరంలో సమావేశమై ఒక్కో భాగానికి ఒక్కటే ల్యాటిన్ పేరు ఉండాలని జాబితా తయారుచేశారు. ఆ తర్వాత 1935లో జెనాలో, 1955లో పారిస్‌లో దాన్ని సవరించారు. 1998లో వచ్చిన టెర్మినోలోజియా అనటోమికాలో ల్యాటిన్ పేరు పక్కనే ఇంగ్లిష్ పేరు కూడా ఇచ్చారు. ఇప్పుడు ఏ దేశపు డాక్టరైనా తన భాషలో మాట్లాడుకోవచ్చు, పేరు దగ్గర సందేహం వస్తే చూసుకోవడానికి అందరికీ ఒకే మూలం ఉంటుంది. వార్డులో నువ్వు లిగమెంటుమ్ క్రూసియాటుమ్ యాంటీరియుస్‌ని ఇంగ్లిష్‌లో కుదించి ఏసీఎల్ అను, ఏమీ తప్పు లేదు, అందరూ అదే అంటారు. రాసేటప్పుడు ల్యాటిన్‌లో రాయాలనుకుంటే మాత్రం పూర్తిగా ల్యాటిన్‌లో, దాని వ్యాకరణంతోనే రాయి.

ప్రశ్న: అయ్యా నమస్కారం. కడుపు నొప్పికని అల్ట్రాసౌండ్ తీయిస్తే రిపోర్టులో కాలేయం దగ్గర లిగమెంటుమ్ టెరెస్ అని ఒక మాట రాశారు. లిగమెంట్ అంటే ఎముకకీ ఎముకకీ మధ్య ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఎముకే లేని కాలేయంలో లిగమెంట్ ఏమిటి? అది ఉండకూడనిదా? రెండు రోజులుగా నిద్ర లేదు.

జవాబు: అది అందరికీ ఉండేదేనండీ, మీరు నిశ్చింతగా పడుకోండి. ఆ చోటు చుట్టూ కొవ్వు ఉండటం వల్ల అల్ట్రాసౌండ్‌లో అక్కడ తెల్లటి మచ్చలా కనిపిస్తుంది, దాన్ని గడ్డగా పొరబడకూడదనే చాలామంది డాక్టర్లు పేరు పెట్టి మరీ రాస్తారు. పైగా కాలేయంలో ఎడమవైపు భాగాలను విడదీసి చెప్పడానికి అది వాళ్లకి గట్టు గుర్తులాంటిది. మీ కడుపు నొప్పికి కారణం ఏమిటన్నది మాత్రం రిపోర్టు రాయించిన డాక్టరుగారినే అడగండి, ఈ మాట వల్ల వచ్చినది మాత్రం కాదు.

మీరడిగిన మొదటి ప్రశ్న చాలా విలువైనది. ఎముకకీ ఎముకకీ మధ్య ఉండేది లిగమెంట్ అని బడిలో చెప్పేది కీళ్ల వరకే నిజం. లిగమెంటుమ్ అనే పేరు ఆ భాగం దేనితో తయారైందో చెప్పదు, కట్టి ఉంచుతోందని మాత్రమే చెబుతుంది. అందుకే పాత వైద్యులు రెండింటిని కలుపుతున్నట్టుగా, పట్టి ఉంచుతున్నట్టుగా ఏది కనిపించినా ఆ పేరే పెట్టారు. గర్భాశయానికి రెండు వైపులా ఉండే లిగమెంటుమ్ లాటుమ్, అంటే వెడల్పు కట్టు, నిజానికి కడుపులోని పల్చటి పొర మడత. గజ్జల్లో ఉండే లిగమెంటుమ్ ఇంగ్వినాలే పొత్తికడుపు కండరపు పట్టీకి కింది అంచు. మోకాలి చిప్ప కింద ఉండే లిగమెంటుమ్ పటెల్లే మరీ చిత్రం, తొడ కండరం చివరి టెండన్‌లోనే, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడులోనే, చిప్ప ఎముక ఇమిడి ఉంటుంది కాబట్టి అది టెండన్ కొనసాగింపు, చిప్పకీ కింది ఎముకకీ మధ్య ఉంది కాబట్టి లిగమెంట్. రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి, రెంటికీ న్యాయం ఉంది.

మీ రిపోర్టులోది వీటికన్నా అపురూపమైనది. తల్లి కడుపులో ఉన్నప్పుడు మీకు ప్రాణవాయువు నిండిన రక్తాన్ని మాయ నుంచి తెచ్చిన సిర అదేనండీ. బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. పుట్టాక బొడ్డు కోస్తారు, ఆ సిరలో రక్తం ఆగిపోతుంది, లోపలి దారి మూసుకుపోయి మెల్లగా ఒక గుండ్రటి తాడులా మిగులుతుంది. టెరెస్ అంటే నున్నగా గుండ్రంగా ఉన్నది అని. బొడ్డు నుంచి కాలేయం దాకా ఆ తాడు జీవితాంతం అలాగే ఉంటుంది. కాలేయం లోపల ఆ రక్తాన్ని దగ్గరి దారిలో తీసుకెళ్లిన నాళం కూడా ఇలాగే మూసుకుపోయి లిగమెంటుమ్ వీనోసుమ్ అవుతుంది, అంటే ఒకప్పటి సిరకి గుర్తుగా మిగిలిన కట్టు. ఎక్కువ మందికి లోపలున్న ఈ కట్ల సంగతి ఎప్పటికీ తెలియదు, మీకు ఒక రిపోర్టు వల్ల తెలిసింది.

గుండె దగ్గర ఇంకొకటి ఉంది, లిగమెంటుమ్ ఆర్టీరియోసుమ్. గర్భంలో ఊపిరితిత్తులు పనిచేయవు, కాబట్టి వాటికి వెళ్లే రక్తంలో ఎక్కువ భాగాన్ని తిన్నగా బృహద్ధమనిలోకి మళ్లించడానికి ఒక చిన్న నాళం ఉంటుంది, పేరు డక్టుస్ ఆర్టీరియోసుస్. బిడ్డ పుట్టి ఊపిరి తీసుకోగానే దాని అవసరం తీరిపోతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజుల్లో ముడుచుకుంటుంది, ఆ తర్వాత కొన్ని వారాల్లో పూర్తిగా పూడిపోయి తాడులా మారుతుంది. నాళంగా ఉన్నప్పుడు డక్టుస్, తాడుగా మారాక లిగమెంటుమ్. పేరులోనే దాని కథంతా ఉంది. కొందరు బిడ్డల్లో ఆ నాళం మూసుకోకుండా మిగిలిపోతుంది. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే సర్జన్ ఒక చిన్నపాప గుండె దగ్గర అలాంటి నాళాన్ని దారంతో కట్టేసి విజయం సాధించాడు. ఆ ఆపరేషన్‌ని లిగేషన్ అంటారు. అదీ లిగారే నుంచి వచ్చిందే. తనంతట తాను కట్టుగా మారని నాళాన్ని సర్జన్ చేత్తో కట్టాడు, రెండు పనులకీ ఒకే క్రియ. ఇది పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది.

ప్రశ్న: నేను ఆరోగ్య వ్యాసాలు తెలుగులోకి అనువదిస్తుంటాను. లిగమెంట్, టెండన్, నెర్వ్ మూడింటికీ జనం నరం అనే అంటున్నారు. నిఘంటువుల్లో స్నాయువు అని ఉంది, అది ఒకచోట కండరం, ఒకచోట నరం, ఒకచోట లిగమెంట్. సరైన తెలుగు మాట ఏది?

జవాబు: ఈ తికమక తెలుగువాళ్లది మాత్రమే కాదండీ, అందుకని మన జనాన్ని తప్పు పట్టకండి. పాత గ్రీకులో న్యూరోన్ అంటే మొదట నరం కాదు, తెల్లగా గట్టిగా ఉండే ఏ తంతువైనా న్యూరోనే, వింటినారి కూడా. అరిస్టాటిల్ ఆ మాట వాడినప్పుడు మన నెర్వ్ గురించి చెప్పడం లేదు. ల్యాటిన్ నెర్వుస్ కూడా అంతే. శరీరాన్ని కోసి చూస్తే మూడూ తెల్లటి తాళ్లలాగే కనిపిస్తాయి, చూసినవాళ్లు ఒకే పేరు పెట్టడంలో ఆశ్చర్యం ఏముంది? రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ వీటిని పుట్టినచోటుని బట్టి విడదీశాడు. మెదడు నుంచి, వెన్నుపాము నుంచి వచ్చేవి నరాలు, కండరం నుంచి వచ్చేవి టెండన్లు, ఎముక నుంచి వచ్చేవి సిండెస్మోస్. ఈ సిండెస్మోస్ అంటే కలిపి కట్టేది అని అర్థం, దీనికి ల్యాటిన్ ప్రతిరూపమే లిగమెంటుమ్. 1742లో యోసియాస్ వైట్‌బ్రెక్ట్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లిగమెంట్ల కోసమే ఒక పుస్తకం వేసినప్పుడు దాని పేరులో గ్రీకు మాట సిండెస్మోలోజియా, ల్యాటిన్ మాట లిగమెంటోరుమ్ రెండూ పెట్టాడు. ఇప్పటికీ గుర్రాల డాక్టర్లు లిగమెంట్ వాపుని డెస్మైటిస్ అంటారు, అది గ్రీకు వైపు నుంచి వచ్చింది.

మీరు భాష మనిషి కాబట్టి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. గ్రీకు వ్యాకరణంలో ‘మరియు’ లాంటి కలిపే మాటల్ని ఏమంటారో తెలుసా? సిండెస్మోస్ అనే. లిగమెంటుకీ సముచ్చయానికీ వాళ్లకి ఒకే పేరు. మన దగ్గర కీలుని సంధి అంటాం, రెండు మాటలు కలిసేచోటునీ సంధి అంటాం. వాక్యాన్నీ శరీరాన్నీ ఒకే చూపుతో చూసినవాళ్లు రెండు చోట్లా ఉన్నారు.

ఇక స్నాయువు. సుశ్రుతుడు శరీరంలో తొమ్మిది వందల స్నాయువులు లెక్కపెట్టాడు, వాటిని నాలుగు రకాలుగా విడదీశాడు, కొమ్మలుగా చీలేవి, గుండ్రటివి, వెడల్పువి, బోలువి. ల్యాటిన్ పేర్లలోని టెరెస్, లాటుమ్ గుర్తొస్తున్నాయా? ఆయన ఇచ్చిన పోలిక ఇంకా బాగుంటుంది. పలకల్ని ఎన్నో కట్లతో బిగించి కట్టిన పడవ నీటి మీద మనుషుల బరువుని ఎలా మోస్తుందో, కీళ్లన్నీ స్నాయువులతో కట్టి ఉండబట్టే మనిషి బరువు మోయగలుగుతున్నాడు అన్నాడు. లిగమెంట్ చేసే పనిని ఇంతకన్నా చక్కగా చెప్పిన మాట నేను ఎక్కడా చదవలేదు. అయితే ఆయన గుండ్రటి స్నాయువుల్ని కండరలు అన్నాడు, అంటే ఇప్పటి టెండన్ల వంటివి, మనకేమో కండరం అంటే మజిల్. స్నాయువు మరాఠీలో మజిల్ అయింది, బెంగాలీలో నెర్వ్ అయింది. ఇలా ఒకే మాట చోటుకొక అర్థం తెచ్చుకున్నాక దాన్ని వైద్య వ్యాసంలో ఒంటరిగా వాడటం ప్రమాదమని నా అభిప్రాయం.

పాఠ్యపుస్తకాల్లో లిగమెంటుకి సంధిబంధనం, టెండనుకి స్నాయుబంధనం అని కనిపిస్తుంటుంది. కీళ్ల గురించి రాసేటప్పుడు సంధిబంధనం చక్కటి మాట, వాడండి. కానీ పైన చెప్పిన కాలేయం దగ్గరి దానికి అది సరిపోదు, అక్కడ సంధి లేదు కదా, అక్కడ ఒట్టి బంధనం చాలు. మామూలు పాఠకులకైతే లిగమెంట్ అనే రాసి, మొదటిసారి వచ్చినప్పుడు ‘ఎముకల్ని కలిపి ఉంచే గట్టి పట్టీ’ అని ఒక్క వాక్యం చేర్చండి. నరం అని మాత్రం రాయొద్దండీ. నరం తెగింది అనుకున్న మనిషి పక్షవాతం వస్తుందేమోనని హడలిపోతాడు, అసలు తెగింది లిగమెంట్ అయితే ఆ భయం అనవసరం. దీనికి వ్యతిరేకంగా, నిజంగా నరం దెబ్బతిని వేళ్లు తిమ్మిరెక్కుతుంటే లిగమెంటేలే, కట్టు కడితే తగ్గుతుందిలే అని ఊరుకుంటే ఇంకా నష్టం. మాట తప్పయితే దెబ్బ మనిషికే తగులుతుంది.

ప్రశ్న: మా అమ్మగారి నడుము ఎంఆర్ఐలో లిగమెంటుమ్ ఫ్లేవుమ్ మందంగా ఉందని రాశారు. నెట్‌లో వెతికితే ఫ్లేవుమ్ అంటే పసుపు అని వచ్చింది. కామెర్లకి సంబంధించిందా?

జవాబు: కామెర్లతో ఏ సంబంధమూ లేదండీ. ఒంట్లో చాలా లిగమెంట్లు కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్‌తో తయారై తెల్లగా ఉంటాయి. వెన్నుపూసల వెనక పలకల్ని ఒకదానితో ఒకటి కలిపే ఈ పట్టీల్లో మాత్రం దాదాపు 80 శాతం ఎలాస్టిన్ ఉంటుంది, సాగి మళ్లీ వెనక్కి వచ్చే పదార్థం, దాని సహజమైన రంగే పసుపు. మనం ముందుకి వంగినప్పుడు అవి సాగుతాయి, లేచి నిలబడేటప్పుడు సాయం చేస్తాయి. రెండో మెడపూస నుంచి నడుము కింద వరకు పూసల మధ్య జతలు జతలుగా ఉంటాయి కాబట్టి అన్నిటినీ కలిపి చెప్పాలంటే లిగమెంటా ఫ్లేవా అనాలి. నడుములో సూది వేసి మత్తు ఇచ్చే డాక్టర్లకి ఇది చేతివేళ్లకి తెలిసిన లిగమెంట్. ఎపిడ్యూరల్ ఇచ్చేటప్పుడు సూది దీన్ని దాటగానే అప్పటిదాకా ఉన్న బిగువు ఒక్కసారిగా పోతుంది, ఆ గుర్తు కోసమే వాళ్లు ఎదురుచూస్తారు.

వయసుతో ఎలాస్టిన్ తగ్గి ఇది మందమవ్వడం చాలామందిలో కనిపించేదే. రిపోర్టులో ఆ మాట ఉండటం ఒక్కటే జబ్బు కాదు. మందమైన పట్టీ వెన్నుపాము కాలువలోకి ఒత్తుకొచ్చి నరాలకి చోటు తగ్గిస్తేనే ఇబ్బంది. అమ్మగారిని ఒక్క సంగతి అడగండి, కాసేపు నడిస్తే కాళ్లు లాగి తిమ్మిరెక్కి, కూర్చుంటేనో ముందుకి వంగితేనో తేలికపడుతుందా అని. అవునంటే ఆ విషయం డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి, రిపోర్టులోని మందం కన్నా వాళ్లకి అదే ముఖ్యం. మూత్రం, విరేచనం పట్టు తప్పినా, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, కాళ్లు ఉన్నట్టుండి బలహీనపడినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, మర్నాటిదాకా ఆగొద్దు.

ప్రశ్న: లిగమెంట్, లిగేచర్, ఆబ్లిగేషన్, రెలిజియన్ అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చాయని ఎక్కడో చదివాను, నిజమేనా? అలాగే లిగమెంటుమ్‌ని ఎలా పలకాలి?

జవాబు: మొదటి మూడూ నిజం. లిగేచర్ అంటే సర్జన్ రక్తనాళానికి కట్టే దారం, పళ్లకి వేసే క్లిప్పుల మీద బిగించే సన్నటి తీగ, అచ్చులో రెండు అక్షరాల్ని కలిపి పోసిన దిమ్మ. ఆబ్లిగేషన్ అంటే మనిషిని మాటతో కట్టివేయడం. తెలుగులో కట్టు నుంచి కట్టుబాటు, కట్టుబడి ఉండటం వచ్చిన దారి ఇదే. రసాయనశాస్త్రంలో లోహపు పరమాణువుకి కట్టుకుని ఉండే అణువుని లైగాండ్ అంటారు, అదీ ఈ ఇంటిదే. రెలిజియన్ దగ్గర మాత్రం ప్రాచీన రోమ్‌లోనే రెండు అభిప్రాయాలున్నాయి. మళ్లీ మళ్లీ చదవడం, మననం చేయడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందని రోమన్ వక్త సిసెరో అన్నాడు, దేవుడితో కట్టివేయడం అనే అర్థంలో లిగారే నుంచే వచ్చిందని క్రైస్తవ రచయిత లాక్టాంటియుస్ అన్నాడు. ఆ వాదన ఇంకా తెగలేదు, కాబట్టి మీ జాబితాలో దాని పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టుకోండి.

పలకడం సులువే. ‘గ’ని గట్టిగా గ అనే అనాలి, జ అనకూడదు. పాత ల్యాటిన్‌లో ‘గ’ తర్వాత దీర్ఘం ఉంది, లిగారేలో ఉన్న దీర్ఘమే అది, కాబట్టి శుద్ధంగా అయితే లిగామెంటుమ్, ఊనిక ‘మెం’ మీద. ఇంగ్లిష్ అలవాటున్న డాక్టర్లు లిగమెంటమ్ అంటారు, అదీ అందరికీ అర్థమవుతుంది. నేను ఇక్కడ అచ్చులో అలవాటైన రూపమే రాశాను, పాఠం చెప్పేటప్పుడు మాత్రం దీర్ఘం పెట్టే పలికేవాణ్ని.